అడవి మీద హెలికాప్టర్

అడవి పనికి వెళ్ళిన హెలికాప్టర్ ఎత్తున ఎగరదు, వేగంగా పోదు, తేలికగానూ ఉండదు. కలప దుంగలు లేపాలన్నా, మంట మీద నీళ్ళు కుమ్మరించాలన్నా, కొండకొమ్ము మీద సర్వేయర్లను దింపాలన్నా, నేల లోపలి రాళ్ళను పరికరాలతో తడిమి చూడాలన్నా చెట్ల కొసలకు కాస్త పైగా, మెల్లగా, మోయగలిగినంత బరువుతో ఎగరక తప్పదు. హెలికాప్టర్‌కు ఏ మూడు పరిస్థితుల్లో తప్పించుకునే దారి బాగా తగ్గిపోతుందో, ఈ పని సరిగ్గా ఆ మూడింటినీ ఒకేసారి కోరుతుంది. అడవుల్లో జరిగిన హెలికాప్టర్ ప్రమాదాలను వరసపెట్టి చూస్తే, ఉన్నట్టుండి యంత్రం విరిగిపడిన సందర్భాల కంటే, చేతిలో ఉన్న మిగులు కొంచెం కొంచెంగా ఖర్చయిపోయి చివరికి సున్నాకు వచ్చిన సందర్భాలే ఎక్కువగా కనిపిస్తాయి.

హైదరాబాద్ తూర్పు కొసన ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతానికి ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే అందరూ ఎన్.జి.ఆర్.ఐ. అనే సంస్థ, ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. నాగోలు దాటితే బండ్లగూడలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రాంగణం. దేశంలోని అడవులు, ఎడారులు, కొండలు కొలిచే మనుషుల్లో చాలామంది ఈ నాలుగైదు కిలోమీటర్ల పరిధిలో ఏదో ఒక గదిలో పాఠం విన్నవారే.

హెలికాప్టర్ రాకముందు ఈ పని ఎంత ప్రాణాంతకమో తెలుగు నేలకు బాగా తెలుసు. 1819లో జార్జ్ ఎవరెస్టు, అప్పటికి విలియం లాంబ్టన్‌కు సహాయకుడు, కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లో త్రికోణమితి సర్వేకు దిగాడు. వానాకాలంలో బృందం మొత్తాన్ని మలేరియా పట్టుకుంది. హైదరాబాద్‌కు మోసుకొచ్చేలోపే పదిహేను మంది దాకా చనిపోయారు. ఎవరెస్టు బతికాడు గానీ కోలుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్ దాకా వెళ్ళాల్సివచ్చింది. రెండు వారాలు నడిచి చేరే కొండకొమ్మును ఇరవై నిమిషాల్లో అందించే యంత్రాన్ని సర్వేయర్లు ఎందుకంత ఆదరంగా అందుకున్నారో అర్థం కావాలంటే ఆ చరిత్ర గుర్తుండాలి. హెలికాప్టర్ అడవి పనిలోని ప్రమాదాన్ని తీసేయలేదు. జ్వరం స్థానంలో గాలిని తెచ్చిపెట్టింది.

గాలి ఎంత మోస్తుంది

హెలికాప్టర్ నిలబడేది గాలిని కిందికి తోయడం వల్ల. మన వాయుసేన వాడే మి-17 వి5 గరిష్ఠ బరువు 13,000 కిలోలు, దాని పెద్ద రోటర్ వ్యాసం 21 మీటర్ల పైచిలుకు. అంటే రెక్కలు తిరిగే వృత్తంలో ప్రతి చదరపు మీటరూ దాదాపు 37 కిలోలు మోయాలి. అంత మోయాలంటే రోటర్ దగ్గర గాలి సెకనుకు 12 మీటర్ల వేగంతో కిందికి పోవాలి. ఇంకాస్త కిందికి వచ్చేసరికి ఆ వేగం రెట్టింపవుతుంది. గంటకు 85 కిలోమీటర్ల ఈదురుగాలి నిట్టనిలువుగా చెట్ల మీద పడుతుందన్నమాట. కింద ఎండుకొమ్మ ఉంటే విరుగుతుంది, ఇసుక ఉంటే లేస్తుంది, అగ్గి ఉంటే రేగుతుంది.

ఆ గాలి ఎంత చిక్కగా ఉంటే పని అంత సులువు. సముద్ర మట్టంలో 15 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. యంత్రం తయారీదారులు ఇచ్చే లెక్కలన్నిటికీ ఆధారం ఆ ప్రామాణిక గాలే. ఉప్పల్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అక్కడి ఘనమీటరు గాలి బరువు 1.06 కిలోలే. ప్రామాణిక లెక్కలో ఇంత పల్చని గాలి సుమారు 1500 మీటర్ల ఎత్తున ఉండాలి. అంటే ఉప్పల్ చౌరస్తాలో నేల మీద నిలబెట్టిన హెలికాప్టర్ కూడా, దాని ఇంజనుకు తెలిసినంతవరకు, అప్పటికే ఊటీకి సగానికి మించిన దారి పైకి ఎక్కినట్టే. రెక్కలకు దొరికే పట్టు తగ్గుతుంది, ఇంజను పీల్చే గాలి తగ్గి శక్తీ తగ్గుతుంది, తోక రోటర్ కూడా బలహీనపడుతుంది. ఈ మూడూ కలిసే తగ్గుతాయి. మన దగ్గర అడవి తగలబడేది ఎండాకాలంలోనే.

ఇంకొకటి నేల ఇచ్చే దన్ను. రోటర్ వ్యాసానికి లోబడిన ఎత్తులో హెలికాప్టర్ ఉన్నప్పుడు కిందికి తోసిన గాలి నేలను కొట్టుకుని పక్కలకు తిరగాల్సివస్తుంది, దాంతో తక్కువ శక్తితోనే గాలిలో నిలవవచ్చు. విమానాశ్రయం రన్‌వే మీద ఈ దన్ను నిండుగా దొరుకుతుంది. టేకు, నల్లమద్ది చెట్ల మీద దొరకదు. ఆకులు, కొమ్మల సందుల్లోంచి గాలి జారిపోతుంది. వాలు కొండ మీద సగమే దొరుకుతుంది. అడవి నడుమ చెట్లు కొట్టి చేసిన చిన్న ఖాళీలోంచి లేచేటప్పుడు మొదటి మూడు మీటర్లు దన్ను మీద హాయిగా లేచిన యంత్రం, చెట్ల ఎత్తుకు చేరేసరికి ఆ దన్ను పోగొట్టుకుని ఆగిపోవచ్చు. ముందుకు పోయి వేగం పుంజుకుందామంటే ఎదురుగా చెట్లు.

2008 ఆగస్టు 5న కాలిఫోర్నియాలో వీవర్‌విల్ దగ్గర షాస్టా-ట్రినిటీ జాతీయ అడవిలో జరిగింది సరిగ్గా ఇదే. కార్చిచ్చుతో పోరాడుతున్న సిబ్బందిని సాయంత్రం కొండమీదినుంచి దింపుతున్న సికోర్‌స్కీ ఎస్-61 హెలికాప్టర్ అంతకుముందు రెండు విడతలు అక్కడినుంచే లేచింది. మూడో విడతలో 13 మందితో లేచి, పైకి వెళ్ళే కొద్దీ రోటర్ వేగం పడిపోయి, చెట్లకు తగిలి కూలింది. తొమ్మిదిమంది చనిపోయారు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తులో బయటపడినది ఒళ్ళు జలదరించే విషయం. యంత్రం ఖాళీ బరువును కాగితాల మీద ఉద్దేశపూర్వకంగా తగ్గించి రాశారు. ఇంజను ఇవ్వగల శక్తిని చూపే పటాన్ని మార్చి ఎక్కువ చేసి చూపారు. పైలట్లు లెక్క తప్పలేదు. తమకిచ్చిన అంకెలతో లెక్క సరిగానే చేశారు. ఆ కాగితం ప్రకారం వారి చేతిలో మిగులు ఉంది, గాలిలో లేదు. ఇందుకు బాధ్యుడైన, ఆ హెలికాప్టర్ కంపెనీ మాజీ ఉపాధ్యక్షుడికి 2015లో జైలుశిక్ష పడింది. పర్యవేక్షించాల్సిన ప్రభుత్వ సంస్థలు సరిగా చూడలేదని కూడా మండలి తేల్చింది. తర్వాత ఏ అడవి ప్రమాదాన్ని పరిశీలించినా, తూకం వేసిన రోజు, తూకం వేసిన చోటు, ఆ అంకె ఎవరి చేతుల మీదుగా పైలట్‌కు చేరిందీ అనే వరస మొదట చూడాలన్న పట్టింపు ఈ కేసు వల్ల బలపడింది.

ఇంజను ఆగితే

ఇంజను ఆగిన హెలికాప్టర్ రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎత్తు ఉంటే పడిపోదు. పైలట్ రెక్కల వాలును వెంటనే తగ్గిస్తే, కిందినుంచి వచ్చే గాలికే రోటర్ తిరుగుతూ ఉంటుంది. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. అప్పుడు యంత్రం సెకనుకు ఎనిమిది, పది మీటర్ల వేగంతో దిగుతుంది. నేల దగ్గరపడ్డాక, రోటర్‌లో దాచుకున్న తిరుగుడు శక్తినంతా ఒక్కసారిగా వాడి మెత్తగా దించాలి. ఇదంతా జరగాలంటే రెండింట ఒకటి ఉండాలి: ఎత్తైనా, ముందుకు పోయే వేగమైనా. రెండూ లేని ప్రాంతాన్ని ప్రతి హెలికాప్టర్ కరదీపికలోనూ ఒక పటంలో గీసి చూపుతారు. చిన్న హెలికాప్టర్లకు అది గాలిలో నిలిచి ఉన్నప్పుడు మూడు మీటర్ల నుంచి 100, 150 మీటర్ల దాకా ఉంటుంది. పైలట్లు దాన్ని మృత్యురేఖ అని పిలుచుకుంటారు.

యాభై, అరవై మీటర్ల తాడు కట్టి దుంగ లేపే హెలికాప్టర్ పని రోజంతా ఆ రేఖ లోపలే. అక్కడ ఇంజను ఆగితే ఆరేడు సెకన్లలో నేల. స్పందించడానికి ఉండేది ఒకటి రెండు సెకన్లు. రెండో ఇంజను ఉంటే మేలే గానీ, నిండు బరువుతో గాలిలో నిలిచి ఉన్నప్పుడు ఒక్క ఇంజను చాలదు. అందుకే తాడు చివరి బరువును మీట నొక్కి వదిలేయడం వారికి మొదటి పాఠం. బరువు వదిలితే మిగులు తిరిగివస్తుంది. కింద మనుషులుంటే మాత్రం ఆ పాఠం పనిచేయదు.

కలపను గాలిలో తరలించడం 1970ల మొదట్లో అమెరికా పడమటి తీరాన వ్యాపారంగా మొదలైంది. మన దేశంలో ఆ పద్ధతి పాతుకోలేదు. ఏనుగులు, ఎడ్లు, ట్రాక్టర్లు, గోదావరి తెప్పలతోనే కలప కదిలింది. కాబట్టి ఈ పని ఎంత చెడ్డదో చెప్పే లెక్కలు అటువైపువే. ఆగ్నేయ అలాస్కాలో 1992 జనవరి నుంచి 1993 జూన్ దాకా, ఏడాదిన్నరలో, కలప హెలికాప్టర్లు ఆరు కూలి తొమ్మిదిమంది చనిపోయారు, పదిమంది గాయపడ్డారు. ఆ ప్రాంతంలో అప్పుడు పనిచేస్తున్నవి సుమారు పాతిక యంత్రాలు మాత్రమే. 1992 ఫిబ్రవరి 23న కూలినది ఆ సమయంలో దుంగ మోయడం లేదు, తొమ్మిదిమంది కూలీలను తీసుకువెళ్తోంది. పొట్టకింద పొడవైన తాడు తీయకుండా అలాగే వదిలేశారు. దిగబోతుండగా ఆ తాడు పైకి లేచి తోక రోటర్‌లో చిక్కుకుంది, తోక ఊడిపోయింది. ఆరుగురు మరణించారు. పొడవు తాడు వేలాడుతుండగా ప్రయాణికులను ఎక్కించకూడదన్న నిబంధన అప్పటికే ఉంది. మొత్తం ఆరు ప్రమాదాల్లోనూ నడిపే పద్ధతిలోనో, మరమ్మతులోనో లోపం ఉందని దర్యాప్తుల్లో తేలింది.

మరమ్మతు లోపాలకూ ఈ పని స్వభావానికీ సంబంధం ఉంది. మామూలు హెలికాప్టర్ గంటసేపు ఎగిరితే ఒకసారి లేస్తుంది, ఒకసారి దిగుతుంది. దుంగలు మోసేది అదే గంటలో ఇరవై, ముప్ఫైసార్లు గరిష్ఠ శక్తికి వెళ్ళి వస్తుంది. గేర్‌బాక్సు పళ్ళకు, రెక్కల మొదళ్ళకు అలుపు తెచ్చేది ఎగిరిన గంటలు కావు, బిగించి వదిలిన మార్లు. గంటల లెక్కన భాగాలు మార్చే పట్టికను ఈ పనికి యథాతథంగా వాడితే, పట్టిక ప్రకారం కొత్తగా ఉన్న భాగం నిజానికి ముసలిదై ఉంటుంది.

నేల లోపలికి చూసే ఎగురుడు

ఉప్పల్ రోడ్డు శాస్త్రవేత్తలకు బాగా పరిచయమైన ఎగురుడు ఇంకొకటుంది. ఎన్.జి.ఆర్.ఐ., కేంద్ర భూగర్భజల మండలి కలిసి 2013 తర్వాత హెలికాప్టర్ ద్వారా భూగర్భజలాలను పటం గీసే పనిని డెన్మార్క్ నిపుణుల సహకారంతో ఆరు చోట్ల చేసి చూశాయి: దౌసా, జైసల్మేర్, పట్నా, నాగపూర్, తుమకూరు, కడలూరు. 2021 అక్టోబరులో జోధ్‌పూర్ నుంచి వాయవ్య భారతపు ఎండు జిల్లాల్లో ఇదే పని పెద్ద ఎత్తున మొదలైంది. హెలికాప్టర్ కింద తాళ్ళకు పెద్ద తీగచుట్టు వేలాడుతుంది. దాంట్లో కరెంటు పంపి ఠక్కున ఆపితే నేల లోపల చిన్న కరెంట్లు పుడతాయి, అవి క్షీణించే తీరునుబట్టి ఎక్కడ బంకమట్టి, ఎక్కడ నీళ్ళున్న ఇసుక, ఎక్కడ గట్టి రాయి అన్నది తేల్చుతారు.

ఈ సంకేతం దూరంతో అతివేగంగా సన్నబడుతుంది. అందుకే చుట్టు నేలకు సుమారు 30 మీటర్ల ఎత్తున, అంటే తొమ్మిది అంతస్తుల మేడంత ఎత్తున పోవాలి. హెలికాప్టర్ దాని పైన మరో 30 మీటర్లు. గంటకు 80 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో, గీత గీసినట్టు. ఆ లెక్కన ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం దాకా రెండు, మూడు నిమిషాలు. ఆ దారిలో పైలట్‌కు ఎదురయ్యేవి ఊహించుకోవచ్చు: హైటెన్షన్ తీగలు, సెల్ టవర్లు, పారిశ్రామిక వాడ పొగగొట్టాలు. ఊళ్ళ మీద ఇలా ఎగరనివ్వరు, ఎగిరినా కరెంటు లైన్ల రొదలో కొలత పనికిరాదు. అడవిలో రొద ఉండదు గానీ, లోయకు అడ్డంగా ఒక కొండ నుంచి ఇంకో కొండకు వేసిన కరెంటు తీగ ఉంటుంది. తీగ చెట్ల నేపథ్యంలో కంటికి ఆనదు. దాన్ని పట్టుకునే ఉపాయం తీగను వెతకడం కాదు, స్తంభాలను వెతకడం. ఒక స్తంభం కనిపించిందంటే రెండోది కనిపించేదాకా మధ్యలో తీగ ఉందనే అనుకోవాలి. అందుకే సర్వే మొదలుకాకముందు ఎత్తునుంచి ఒకసారి, దారి పొడవునా ఒకసారి, తీగలను పటంలో గుర్తుపెట్టడానికే ఎగురుతారు.

యురేనియం వంటి ఖనిజాల కోసం చేసే గామా కిరణాల సర్వేలోనూ ఇదే ఇబ్బంది. 100 నుంచి 150 మీటర్ల గాలి, కొలవాల్సిన గామా కిరణాల్లో సగాన్ని మింగేస్తుంది. కడప బేసిన్ ఉత్తరపు అంచున లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ వంటి చోట్ల యురేనియం నిక్షేపాలున్నాయి. ఆ నేలలు నల్లమల వైపు అడవులు, గుట్టలు, లోయలతో నిండినవి. నేల ఎత్తుపల్లాల వెంబడి సమాన ఎత్తులో పోవాలంటే గుట్ట ఎదురైన ప్రతిసారీ ఎక్కాలి. బరువుతో ఉన్న హెలికాప్టర్ ఎక్కగలిగే వాలు కన్నా గుట్ట వాలు ఎక్కువైతే, ఆ సంగతి సగం దూరం వెళ్ళాక తెలియడం చాలా ఆలస్యం. మంచి సర్వే పైలట్ గుట్ట ఎక్కే దిశలో కాక దిగే దిశలో గీతలు గీసుకుంటాడు. కొలత నాణ్యత కాస్త తగ్గినా ఒప్పుకోవాల్సిన మినహాయింపు ఇది.

బట్టలు కూడా ప్రమాదమే

2018 అక్టోబరు 18న న్యూజిలాండ్‌లో వానాకా నుంచి అక్కడి పరిరక్షణ శాఖ సిబ్బంది ఇద్దరు పైలట్‌తో కలిసి కొండల్లోకి బయల్దేరారు. కొండల మీది మొక్కలను పాడుచేస్తున్న తార్ అనే కొండమేకల సంఖ్యను తగ్గించడం వారి పని. లేచిన కాసేపటికే హ్యూస్ 500 రకం హెలికాప్టర్ కూలి ముగ్గురూ మరణించారు. దర్యాప్తులో తేలింది: వెనక తలుపు గాలిలో తెరుచుకుంది, లోపల కట్టిపెట్టని ఒక జత పని దుస్తులు బయటికి ఎగిరి తోక రోటర్‌కు చుట్టుకున్నాయి.

తోక రోటర్ పని, పెద్ద రోటర్ తిప్పే తిప్పుడుకు హెలికాప్టర్ మొత్తం బొంగరంలా తిరిగిపోకుండా ఆపడం. అది చిన్నది, వేగంగా తిరిగేది, పైలట్ వీపు వెనక ఉండేది. చెట్ల మధ్య దిగేటప్పుడు పైలట్ ముందు చూసుకుంటూ వెనక కొమ్మను చూడలేడు. అందుకే అడవిలో చదును చేసే చోటు రోటర్ వ్యాసానికి సరిపోతే చాలదు, తోక తిరగడానికీ చోటు ఉండాలి. లోపల ఉన్న గోనెసంచి, టోపీ, తాడు, టార్పాలిన్ అన్నీ కట్టి ఉండాలి. క్షేత్రపనికి వెళ్ళే శాస్త్రవేత్త సామాను జాబితాలో పరికరాలకే కాక, చెద్దరుకూ ఒక గడి ఉండటం ఈ కారణంగానే.

నల్లమల, 2009

తెలుగువారికి అడవి, హెలికాప్టర్ అనే రెండు మాటలు ఒకచోట వినగానే గుర్తుకొచ్చేది 2009 సెప్టెంబరు 2. అది అడవి పని మీద వెళ్ళిన హెలికాప్టర్ కాదు. కానీ అడవి ప్రమాదాల్లో మిగిలిన సగాన్ని, అంటే వాతావరణాన్నీ వెతుకులాటనూ ఇంతకన్నా స్పష్టంగా చూపే కేసు మన నేలమీద లేదు.

అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఇద్దరు అధికారులు, ఇద్దరు పైలట్లతో రాష్ట్ర ప్రభుత్వ బెల్ 430 ఉదయం 8.38కి బేగంపేటలో లేచింది. వెళ్ళాల్సింది చిత్తూరు జిల్లాకు. అది రెండింజన్ల యంత్రం, వాతావరణ రాడార్ ఉన్నది. నైరుతి రుతుపవనాల కాలం. కృష్ణా దాటాక దారిలో దట్టమైన కారుమబ్బులు. 9.27 తర్వాత దాని నుంచి ఏ మాటా లేదు. మర్నాడు ఉదయం నల్లమలలో రుద్రకోడూరు దగ్గర పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. కర్నూలుకు తూర్పున సుమారు 40 నాటికల్ మైళ్ళు, అంటే 74 కిలోమీటర్ల దూరాన. ఎవరూ బతకలేదు.

ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని దర్యాప్తు సంఘం చెప్పిన కారణం ఇది: హెలికాప్టర్ తుఫాను మేఘం కిందికి తోసే బలమైన గాలిలో చిక్కుకుని, అదుపు తప్పి, అతివేగంగా నేలకు దిగిపోయింది. ఎదిగిన క్యుములోనింబస్ మేఘంలో పైకి పోయే వెచ్చటి గాలి పక్కనే, వాన చినుకులతో చల్లబడి బరువెక్కిన గాలి ధారగా కిందికి పడుతుంది. ఆ ధార వేగం ఏ హెలికాప్టర్ ఎక్కే వేగాన్నైనా మించిపోగలదు. అందులో చిక్కుకున్న పైలట్ పూర్తి శక్తి వాడినా యంత్రం గాలితోపాటే దిగుతుంది. మైదానంలో ఆ ధార నేలను తాకి పక్కలకు పరుచుకునేలోపు తేరుకునే వీలు ఒక్కోసారి ఉంటుంది. గుట్టల అడవిలో నేలే ముందుకు వచ్చేస్తుంది.

ఇంకో సంగతి కాక్‌పిట్ మాటల రికార్డులో దొరికింది. చివరి ఘట్టంలో ఆరు నిమిషాలకు పైగా పైలట్లు గేర్‌బాక్సు ఆయిల్ ఒత్తిడికి సంబంధించిన హెచ్చరికను పరిష్కరించడంలో, కరదీపిక వెతకడంలో మునిగిపోయారు. ఆ వ్యవధిలో ఎదురుగా ఉన్న వాతావరణం మీద దృష్టి తగ్గింది. వెనక్కి తిరగాల్సిన సమయం ఆ ఆరు నిమిషాల్లోనే గడిచిపోయింది. ఇద్దరూ అనుభవజ్ఞులే. ఒక చిన్న దీపం వెలిగితే ఇద్దరి కళ్ళూ దానిమీదే నిలిచిపోవడం విమానయాన చరిత్రలో పాత జబ్బు. ఒకరు దీపం సంగతి చూస్తుంటే రెండోవారు బయటికే చూడాలన్న నియమం దానికి పాత మందు.

అడవి ఎక్కడ దాస్తుంది

విమానాల్లో, హెలికాప్టర్లలో సాధారణంగా అత్యవసర సంకేతం పంపే పెట్టె ఉంటుంది. గట్టి కుదుపుకు అది దానంతటది మేలుకుని 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపాలి. ఆ సంకేతాలను మన దేశంలో బెంగళూరు, లక్నో కేంద్రాలు అందుకుంటాయి. అయితే పెట్టె మిగిలినా, దాని యాంటెన్నా తీగ తెగితే గొంతు ఉండదు. మంటల్లో పెట్టే కాలిపోవచ్చు. తడిసిన దట్టమైన ఆకుల కప్పు, లోయ గోడలు మిగిలిన కాస్త సంకేతాన్నీ పల్చన చేస్తాయి. 2009 సెప్టెంబరులో ఆ సంకేతం వెతికేవారికి దారి చూపలేదు. సుఖోయ్ యుద్ధవిమానాలు, ఇస్రో సంస్థల నుంచి రాడార్ చిత్రాలు తీసే విమానం, కేంద్ర రిజర్వు పోలీసులు, అడవి తెలిసిన చెంచులు, అందరూ కదలాల్సివచ్చింది. ముఖ్యమంత్రి ఉన్న యంత్రం కాబట్టి ఒక రాత్రిలో దొరికింది.

అంతకు ఏడాది ముందు, 2008 ఆగస్టు మొదట్లో, హైదరాబాద్ నుంచి రాయ్‌పూర్‌కు బయల్దేరిన ఇంకో బెల్ 430, నలుగురితో, ఆంధ్ర–ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల మీద మాయమైంది. వానాకాలం, గుట్టలు, మావోయిస్టుల ప్రాబల్యం. శకలాలు దొరికింది నవంబరులో, మూడు నెలలు దాటాక. ఈ రెండు వెతుకులాటలను పక్కపక్కన పెట్టి చూస్తే, అడవిలో హెలికాప్టర్‌ను కనిపెట్టేది పరికరాల గొప్పతనం కంటే, ఎక్కడ వెతకాలో ఎంత ఇరుకుగా చెప్పగలిగామన్న సంగతి అని తేలుతుంది. ఇప్పుడు సర్వే హెలికాప్టర్లలో ఉపగ్రహం ద్వారా రెండు మూడు నిమిషాలకోసారి తానున్న చోటు చెప్పే చిన్న పరికరం పెడుతున్నారు. కూలాక అరవాల్సిన పెట్టె కన్నా, కూలేదాకా మాట్లాడుతూనే ఉన్న ఈ పరికరం ఎక్కువ నమ్మదగినది: చివరి చోటు ముందే నమోదై ఉంటుంది.

కింద ఉన్నవారు

హెలికాప్టర్ కింద పనిచేసేవారి గురించి తక్కువ రాస్తారు. ఎండుకొమ్మలు విరిగి తలమీద పడటం వారికి పెద్ద ముప్పు. గంటకు 85 కిలోమీటర్ల గాలి తగలగానే ఏ చెట్టు ఏ కొమ్మ వదులుతుందో చెప్పలేం. గాలిలో తిరిగే రెక్కలు పోగేసిన విద్యుదావేశం కొక్కెం పట్టుకున్న చేతిలోకి ఒక్కసారిగా దిగుతుంది. అందుకే కొక్కేన్ని ముందు నేలకు తాకించి, తర్వాతే ముట్టుకోవాలి. వాలు మీద దిగిన హెలికాప్టర్‌ను ఎగువ నుంచి సమీపించకూడదు, అటువైపు రెక్కల కొస మనిషి తల ఎత్తున ఉంటుంది. తోక వైపు ఎప్పుడూ పోకూడదు. మంటలార్పేటప్పుడు ఇంకొకటి: మి-17 మోసే బాంబీ బకెట్‌లో 3,500 లీటర్ల దాకా నీళ్ళు పడతాయి. మూడున్నర టన్నులు చెట్ల మీద ఒక్కసారిగా పడితే కొమ్మలతోపాటు మనుషులూ నలుగుతారు. 2014 మార్చిలో శేషాచలం అడవులు అంటుకుని మంటలు తిరుమల దాకా వచ్చినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు రంగంలోకి దిగాయి. అలాంటి చోట కింద మట్టి చల్లుతున్న అటవీ సిబ్బందికీ పైనున్న పైలట్‌కూ ఒకే రేడియో ఉండటం, నీళ్ళు పడే ముందు జనం తప్పుకున్నారని ఒకరు చూసి చెప్పడం, యంత్రం బాగుండటంతో సమానమైన జాగ్రత్తలు.

తగ్గిన పని, మిగిలిన పని

అడవి మీద హెలికాప్టర్ చేసే పనిలో కొంత ఇప్పుడు డ్రోన్లకు పోతోంది. అయస్కాంత క్షేత్రం కొలిచే పరికరం కిలో రెండు కిలోలే కాబట్టి డ్రోన్ మోస్తుంది. చెట్ల లెక్క, మంట జాడ, కరెంటు తీగల తనిఖీ కూడా డ్రోన్ చేయగలదు. కూలితే పోయేది యంత్రమే. కానీ భూగర్భజలాలను వందల మీటర్ల లోతున చూసే తీగచుట్టు, దాని విద్యుత్ పరికరాలు కలిసి వందల కిలోలు. 3,500 లీటర్ల నీళ్ళూ, పదిమంది మనుషులూ డ్రోన్‌కు ఎక్కవు. అవి హెలికాప్టర్‌కే మిగులుతాయి.

మన దేశంలో ప్రమాదాల దర్యాప్తుకు 2012లో విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ విడిగా ఏర్పడింది. అంతకుముందు లైసెన్సులిచ్చే పౌర విమానయాన డైరెక్టరేటే దర్యాప్తులూ చూసేది, పెద్ద ప్రమాదాలకు ప్రభుత్వం సంఘాలు వేసేది. అనుమతులిచ్చే చేయీ తప్పు వెతికే చేయీ వేరుకావడం ఈ పని చేసేవారికి మేలు. దర్యాప్తు నివేదికలు అందరూ చదివేలా బయటపెట్టడం అంతకన్నా మేలు. క్షేత్రపనికి వెళ్ళబోయే విద్యార్థికి అలాస్కా తాడు సంగతి, వీవర్‌విల్ పటం సంగతి, వానాకా దుస్తుల సంగతి, నల్లమల ఆరు నిమిషాల సంగతి, అన్నీ ఒకేచోట చెప్పాలి. తూకం వేసిన అంకెను పైలట్ ముందు బిగ్గరగా చదివించడం, ఉదయం పది దాటి ఎండ ముదరక ముందే బరువు పనులు ముగించడం, ఎన్ని డిగ్రీల దగ్గర ఎంత బరువు తగ్గించాలో ముందు రోజే రాసుకోవడం, రాడార్‌లో ఏ దూరాన ఎర్రటి మచ్చ కనిపిస్తే వెనక్కి తిరగాలో నేలమీద ఉన్నప్పుడే నిర్ణయించుకోవడం ఆ పాఠంలోని భాగాలు. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త యంత్రం అక్కర్లేదు. లేవకముందు పావుగంట చాలు.